బావ అడిగిన గేరు లేని బండి

ఊటవాగు తండా,
భద్రాచలం అవతల.
ఉగాది వెళ్ళిన ఆదివారం.

చిరంజీవి కోటేషుకు,

బావ బలరాం ఆశీర్వదించి రాయునది. నేనూ మీ అక్క రూప్లి క్షేమం. మిరపకాయ కల్లానికి వచ్చింది.

ఫోను చెయ్యకుండా ఉత్తరం ఎందుకో నీకు తెలుసు. పోయిన ఏడు ఫారెస్టు రేంజి ఆఫీసరు గొంతు పెట్టి, మా పెరట్లో నెమలి ఉందని కేసు రాస్తున్నానని బెదిరించావు. ఆశ్రమ పాఠశాలలో ముప్పై ఏళ్ళు పాఠం చెప్పిన నన్ను ఆ ఆఫీసు గేటు ముందు మధ్యాహ్నం దాకా నిలబెట్టావు. ఆనాటి నుంచి ఫోనులో నీ గొంతు నమ్మనని ఒట్టు పెట్టుకున్నాను. కాగితం మీద నీ అక్షరదోషాలు మాత్రం ఇంకెవరికీ రావు కనుక అవి నమ్ముతాను.

నాకొక బండి కావాలి. నాలుగు చక్రాలకూ బలం అందేది. మా దారి నువ్వెరిగిందే: రాళ్ళు, ఇసుక, బురద, నడుమ వాగు. కొత్తదైనా పాతదైనా సరే, కొన్నాక పదిహేనేళ్ళు నా వాకిట్లోనే ఉండాలి. తెల్లవారి తాళం తిప్పితే మారు మాట్లాడకుండా లేవాలి. పాత బండ్ల బేరాలు చేసేవాడివి గనక ఏ ఇంజను మంచిదో, ఏ గేరుపెట్టె మంచిదో నిజం చెప్పు.

ఒక్కటే షరతు. చేత్తో గేరు మార్చే పని ఉండకూడదు. దానంతట అదే మార్చుకునేది కావాలి. ఎందుకని అడగవద్దు.

ఇట్లు,
బలరాం

•

ఖమ్మం.
ఉత్తరం అందిన పూటే.

గేరు లేని బావకు,

నీ ఉత్తరం చదివి నోట్లో పాన్ రోడ్డు మీద పడింది. మా ఆవిడ చాంది లోపలి నుంచి ఉరికొచ్చి, "ఏందయ్యా, ఎవరన్న పోయిన్రా?" అని గుండె పట్టుకుంది. "మనిషి ఉన్నడే, మతి పోయింది" అని చెప్పి కూర్చోబెట్టాను. ట్రాక్టరుకు గేరు వేసిన చెయ్యి, పిల్లల చెవులు మెలిపెట్టిన చెయ్యి, గేరు రాడ్డుకు భయపడిందా బావా?

సరే. పదో తరగతి మూడుసార్లు తప్పిన నేను పంతులుకు పాఠం చెబుతున్నాను, చేతులు కట్టుకుని విను.

ముందు ఇంజను. ఇప్పుడొచ్చే డీజిలు బండ్లకు పొగగొట్టంలో ఒక జల్లెడ పెడుతున్నారు. అది మసిని పట్టి ఉంచుకుంటుంది. పెద్దరోడ్డు మీద వేడెక్కి పరుగు తీస్తే ఆ మసి కాలిపోతుంది. మీ దారిలో బండి మేకల వెనక నడవాలి. జల్లెడ నిండుతుంది, ఎర్రదీపం వెలుగుతుంది, బండి అలిగిన అల్లుడిలా కూలబడుతుంది. అప్పుడు అడవిలో ఎలుగుబంటిని పిలిచి ఊదించుకుంటావా? అందుకని ఆ జల్లెడ రాకముందు తయారైన డీజిలు ఇంజను చూడాలి. దున్నపోతు లాంటిది. ఉరకదు, ఆగదు.

ఇక నువ్వడిగిన గేరు లేని సంబడం. అందులో రెండు జాతులు. ఒకదాంట్లో మామూలు గేర్లే ఉంటాయి, నీ కాలి బదులు చిన్న మోటారు క్లచ్ తొక్కుతుంది. వాగు గట్టు ఎక్కేటప్పుడు దానికి అనుమానం, పోనా వద్దా అని. సగం తొక్కి సగం వదిలి క్లచ్ మాడబెడుతుంది. రెండోది నూనె ఒత్తిడి మీద తిరిగేది. మెత్తగా పాకుతుంది, కాదనను. కానీ అది అలిగిందా, లారీ ఎక్కించి హైదరాబాదు మోయాలి. చేతిగేరు బండి అయితే సుత్తీ పానా ఉన్న ప్రతి వాడూ దానికి డాక్టరే.

దేవుడు మగాడికి ఎడమచెయ్యి ఇచ్చిందే గేరు మార్చడానికి. నీకు దానితో పని లేదంటున్నావు గదా. అందుకే అదే చేతికి డజను ఆకుపచ్చ గాజులు పార్సిలు పంపుతున్నా. తొడుక్కుని ఒక ఫొటో దిగు, మా పాత బండ్ల మైదానంలో పటం కట్టిస్తాను.

నీ ముద్దుల బామ్మర్ది,
కోటేష్

•

ఊటవాగు తండా.
ఎండలు ముదిరిన రోజు.

కోటేషుకు,

గాజులు అందినవి. ఒకటి దారిలో పగిలింది.

నూనె మీద తిరిగేది మెత్తగా పాకుతుందన్నావు. దాని కుదుపు ఎంత? పక్కసీటు పూర్తిగా వెనక్కి వాలుతుందా? ప్రతి మంగళవారం, శుక్రవారం ఎంత వాన పడినా పొద్దెక్కేలోపు భద్రాచలం చేరాలి. సాయంత్రం వచ్చేటప్పుడు మెల్లగా రావాలి. తొలకరికి ముందే బండి ఇంటి ముందుండాలి.

వీటికి జవాబు రాయి. వేళాకోళం తరువాత. బండి కొంటున్న సంగతి మీ అక్కకు ఇప్పుడే చెప్పవద్దు.

బలరాం

•

ఖమ్మం.
అదే నెల, రెండో వారం.

అక్కా,

ఈ కాగితం నిలబడి చదవకు, మంచం మీద కూర్చో. బావ ఇంట్లో ఉంటే తలుపేసుకో.

నీ మొగుడు బండి కొంటున్నాడు. నీకు చెప్పవద్దని నాకు రాశాడు. మంగళవారం, శుక్రవారం భద్రాచలం పోవడానికట. కుదుపు ఉండకూడదట, పక్కసీటు వెనక్కి వాలాలట! నాకు ఒళ్ళు జలదరించింది. బస్సు తోలే జంపయ్య ఆ ఊళ్ళోనే రాత్రి హాల్టు చేస్తాడు గదా, అతన్ని టీకి పిలిచి కదిపాను.

"అవ్ కోటేషన్నా, మీ బావను నేను సూస్తనే ఉన్న," అన్నాడు. "గింత ఎండల గుడ మణికట్టు దాక గుండీలు పెట్టుకొని వస్తడు. పొద్దుగూకంగ జూస్తే మనిషి తూలుతుండు. మొన్న ఒకామె రెక్క పట్టుకొని ఆటో ఎక్కిచ్చింది."

"ఎసొంటామె?"

"ఎర్రగ, బొద్దుగ ఉన్నది. 'మళ్ల శుక్రారం జల్దీ రా సారూ' అన్నది."

విన్నావా అక్కా? తాగుడు అనుకుందామంటే మా బావ కల్లు కుండ కనబడితే దారి మార్చే మనిషి. ఇంక మిగిలింది ఒక్కటే. తల నెరిసినాక రెండో కాపురం! పిల్లలకు శీలం మీద వ్యాసాలు రాయించిన చేత్తో! నేనెన్ని వేషాలు వేసినా ఇంత నాటకం ఆడలేదు. నువ్వు ఊ అను చాలు, వచ్చే శుక్రవారం భద్రాచలం బస్టాండు పక్క సందులో నేనే కాపు కాస్తాను. ఆ ఎర్రటామె సంగతి తేలుస్తాను.

నీ తమ్ముడు,
కోటేష్

•

ఊటవాగు తండా.
శుక్రవారం, ఆయన బస్సెక్కినాక.

ఒరేయ్ కోటేషూ,

నీ ఉత్తరం చదివి ముందు పడీ పడీ నవ్వాను. తరువాత నువ్వెదురుగా ఉంటే చీపురు తిరగేసేదాన్ని.

ఆ ఎర్రటామె దవాఖానాలో ఆయమ్మ. పుణ్యాత్మురాలు. మీ బావ తిరుగుతున్నది వేరే దాని కోసం. అది మనిషంత ఎత్తుంటుంది, తెల్లగా ఉంటుంది, మాటిమాటికీ కూత పెడుతుంది. అది మిషను. మీ బావ రెండు మూత్రపిండాలూ పని మానేశాయి. ఒంట్లో రక్తమంతా బయటికి తీసి, ఆ మిషనులో కడిగి, మళ్ళీ లోపలికి పంపుతారు. వారానికి రెండుసార్లు. చలికాలం నుంచి జరుగుతోంది. తూలుతున్నాడంటే తూలడా మరి?

ఇక ఆయన ఎడమచెయ్యి సంగతి. మణికట్టు పైన రెండు రక్తనాళాలు కలిపి కుట్టారు. సూదులు గుచ్చేది అక్కడే. చొక్కా గుండీలు అందుకే, ఎవరూ చూడకుండా. ఆ చేతితో బరువు ఎత్తకూడదు, గట్టిగా గుంజకూడదు. అరచెయ్యి ఆనిస్తే లోపల గుయ్యిమని తిరుగుతూ ఉంటుంది. రోజూ లేవగానే నా చెయ్యి దాని మీద పెడతాను. తిరుగుతుంటేనే లేచి పొయ్యి ముట్టిస్తాను.

నువ్వు పంపిన గాజులు చూసి ఆయన నవ్విండు. "ఈ చేతికి గడియారం గుడ పెట్టొద్దన్నడు డాక్టరు, వీడు గాజులు పంపిండే" అన్నడు. నవ్వి నవ్వి లోపలికి పోయి గోడ వైపు తిరిగి పండుకున్నడు. ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఇప్పుడైతే పక్కింటి హరిలాల్ మోటారుసైకిలు మీద తారురోడ్డు దాకా దింపుతున్నాడు. వానలు పడితే వాగులో మోటారుసైకిలు దిగదు, అంబులెన్సు అవతలి గట్టునే ఆగుతుంది. ఒక్క వారం తప్పితే ఒళ్ళంతా నీరు పడుతుంది, ఊపిరి ఆడదని డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. భద్రాచలంలో కిరాయి రూము తీసుకుందామన్నాను. "ఆ నాలుగు గోడల నడుమ బతికుండుడు నాతోటి కాదు" అన్నాడు. పిల్లలు లేని ఇల్లు మాది. ఆయన ఉన్న కాసేపు వాకిట్లో కూర్చుని చేను చూసుకుంటాడు. అది కూడా తీసెయ్యమని నేను గట్టిగా అడగలేకపోయాను.

బండి సంగతి నాకు తెలియదు. ఇప్పుడు నీ వల్లనే తెలిసింది. మంచిదయింది.

రూప్లి

•

ఖమ్మం.

గౌరవనీయులైన బలరాం గారి పాదాలకు,

నమస్కరించి రాయునది. తమరి ఆరోగ్య పరిస్థితి అక్క రాయగా తెలిసి మిక్కిలి చింతించితిని. తెలియక రాసిన మాటలకు, పంపిన వస్తువులకు క్షమించగలరు. తమరు కోరిన విధంగా బండి చూచుచున్నాను. తమరు విశ్రాంతి తీసుకొనగలరు. సమయానికి మందులు వాడగలరు.

తమ విధేయుడు,
కోటేష్

•

ఊటవాగు తండా.
ఉత్తరం అందిన గంటలోనే.

ఒరేయ్ వెధవా,

కవరు చింపగానే "గౌరవనీయులైన" అని కనిపించింది. నా గుండె ఆగినంత పనయింది. నేను పోయాననీ, నాకే తెలియలేదనీ, ఇది నా సంతాపసభలో చదివే కాగితమనీ అనుకున్నాను. మిషను మీద మొదటిసారి పడుకున్ననాడు కూడా నేనింత భయపడలేదు. "చింతించితిని" అట! ఎవరి దగ్గర రాయించుకున్నావు ఆ మాట?

నీకెందుకు చెప్పలేదో విను. మనది బావాబామ్మర్దుల వరస. పెళ్ళిపందిట్లో నా చెప్పుల్లో జిల్లేడు పాలు పోసిన నాటి నుంచి నువ్వు నన్ను మామూలు మనిషిగా చూసింది లేదు. చెబితే నవ్వడం మానేస్తావని నాకు తెలుసు. మానేశావు. తండాలో ఇప్పటికే కొందరు నన్ను చూసి గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. నువ్వు కూడా ఆ వరసలో నిలబడితే నాకింక మిగిలిందేముంది?

పదిహేనేళ్ళ బండి ఎందుకంటే, నా ఇంజను ఎన్నాళ్ళు తిరుగుతుందని అడిగితే డాక్టరు పైకప్పు వైపు చూస్తాడు. నాకు గడువు ఆయన చెప్పడు. నేనే ఒకటి పెట్టుకుందామనుకున్నాను. గేరు లేనిది ఎందుకంటే, నన్ను ఎవరో మోసుకుపోతున్నట్టు వెనక సీట్లో పడి పోవడం నాకిష్టం లేదు. నా చావుకు నేను పోవడం లేదు, నా పనికి నేను పోతున్నాను. తోలుకుంటూ పోవాలి. తూలుతూ తోలలేను గనక, వచ్చేటప్పుడు మాత్రం ఎవరి చేతనైనా తోలించి పక్కసీటు వాల్చుకుంటాను.

కాబట్టి బండి చూడు. తిట్టుకుంటూ చూడు.

బలరాం

•

ఖమ్మం.
రోహిణి కార్తె, ఒళ్ళు మాడుతోంది.

మిషను మొగుడా,

తిట్టమన్నావు గనక మొదలుపెడుతున్నా. ఆ "చింతించితిని" మా వీధి చివర అర్జీలు రాసే పగిడయ్యది. ఆ మాటకు టీ కూడా తాగించాను. దండగ.

వేంసూరులో చెంచురామయ్య అని పెద్ద రైతు, తన బండి అమ్ముతున్నాడు. నూనె మీద తిరిగే గేరుపెట్టె, జల్లెడ లేని డీజిలు ఇంజను, నాలుగు చక్రాల బలం, సీటు మంచంలా వాలుతుంది. అచ్చం నువ్వడిగిందే. ముందు చెప్పకుండా కోడి కూసే వేళకు వెళ్ళి బానెట్ మీద చెయ్యి వేశాను. చల్లగా ఉంది. అమ్మేవాడు దొంగైతే ముందే వేడి చేసి ఉంచుతాడు. ఈయన పెద్దమనిషే. తాళం తిప్పితే సగం తిప్పుకే లేచింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి బావా, ఒట్టు.

కాలువ గట్టు దిగి బురదలో వేశాను. చాలాసేపు బాగానే పాకింది. ఒడ్డు ఎక్కబోతుంటే ఒక దీపం వెలిగింది. అంతే. ఒకే గేరులో బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా ఇంజను అరుస్తుంది, బండి కదలదు. చెంచురామయ్య నాకంటే ఎక్కువ బెదిరిపోయాడు. "ఇదేందయ్యా, ఆరేళ్ళలో ఒక్కసారి కూడా ఇట్టా చెయ్యలేదే!" అని పంచె ఎగ్గట్టుకుని బురదలోకి దిగాడు. ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ తిప్పితే ఏమీ ఎరగనట్టు పోయింది. పూర్తిగా చెడితే బాగు చేయించవచ్చు. చెడి, తనంతట తాను బాగయిందే, అదే నాకు భయం. నడివాగులో మంగళవారం పొద్దున నువ్వు ఆ సీట్లో ఉన్నట్టు కనబడింది.

ఎర్రుపాలెంలో ఇంకొకటి చూశాను. పాత డీజిలు, చేతిగేరు. ఇంజను దున్నపోతే. గేరుపెట్టె కింద బిరడా తీసి నూనె గిన్నెలోకి వంపించాను. పాలలా తెల్లబడలేదు, అంటే నీళ్ళు దూరలేదు. బిరడాకు అయస్కాంతం ఉంటుంది, దానికి ఇనుప పెచ్చులు అంటుకుంటే లోపల పళ్ళు అరిగినట్టు. వేలితో రాసి చూశాను, కాటుకంత మసి తప్ప ఏమీ లేదు. ఇంకో పదిహేనేళ్ళు తిరుగుతుంది. చెడినా కాలినడకన వచ్చిన మెకానిక్కు కూడా బాగుచేస్తాడు. కానీ గేరు రాడ్డు మొండిది. సాయంత్రానికి నా రెక్కే లాగింది. నీ చేతికి అది కుదరదు.

ఇదీ సంగతి. నువ్వు తోలగలిగిన బండిని నేను నమ్మలేను. నేను నమ్మే బండిని నువ్వు తోలలేవు. ఇన్నేళ్ళ బేరాల్లో ఇలా ఇరుక్కోవడం ఇదే మొదలు. ఏం చెయ్యమంటావు?

కోటేష్

•

ఊటవాగు తండా.

కోటేషుకు,

నిజం రాశావు, సంతోషం. అయితే రెండూ వద్దు. వానాకాలం వరకు వెళ్ళివస్తాను. వాగు వచ్చినాక ఆగిపోతాను. ఎవరినీ ఇబ్బంది పెట్టవద్దు.

బలరాం

(ఇదే కాగితం వెనక వైపు)

కోటేషూ, పోస్టులో వెయ్యమని ఇస్తే విప్పి చదివాను. "ఆగిపోతాను" అని ఎంత తేలిగ్గా రాశాడో చూడు, బస్సు దిగిపోతాను అన్నట్టు!

ఇద్దరు మగాళ్ళు రెండు నెలలుగా చేతుల గురించి రాసుకుంటున్నారు. ఆయన చెయ్యి, నీ చెయ్యి. ఇంట్లో ఇంకో రెండు చేతులున్న సంగతి ఒక్కడికీ తట్టలేదు. ఆయన మంచం పట్టినప్పటి నుంచి చేన్ల ట్రాక్టరు ఎవరు తోలుతుండ్రు అనుకున్నవ్ రా, దయ్యమా? నువ్వు కోడి కూర తిని పొయ్యేటోడివి, నీకేం తెల్సు. దాని క్లచ్ ముందు మీ జీపు క్లచ్ ఎంత?

ఎర్రుపాలెం బండి తీసుకురా. లైసెన్సు కాగితాల పని హరిలాల్ చూస్తానన్నాడు. ఆయనకు చెప్పకు. చెబితే వద్దంటాడు.

రూప్లి

•

ఊటవాగు తండా.
శ్రావణం. రాత్రంతా కురిసి ఇప్పుడే తెరిపి ఇచ్చింది.

కోటేషూ,

నువ్వు బండి దింపి, వారం రోజులు మీ అక్కకు వాగులో పైకీ కిందికీ నేర్పి వెళ్ళినాక నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అడక్కుండా తెచ్చారని కోపం. మొదటి రెండు మూడు ప్రయాణాలూ మూతి ముడుచుకునే కూర్చున్నాను. సామాను మూటలాగా.

మొన్న మంగళవారం వాగు వచ్చింది. ఎర్రనీళ్ళు, కొమ్మలు. నేను "వెనక్కి తిప్పు" అన్నాను. మీ అక్క వెనక్కీ తిప్పలేదు, ముందుకీ ఉరకలేదు. గట్టు మీద ఆపి కొంగు నడుముకు చెక్కుకుని కూర్చుంది. నీళ్ళు తగ్గేసరికి పొద్దు పైకి వచ్చింది. అప్పుడు కర్ర పట్టుకుని తనే దిగి నడిచి చూసింది. మోకాలి లోతు. తిరిగి వచ్చి తాళం తిప్పింది. నువ్వన్నది నిజమే, దున్నపోతు మారు మాట్లాడలేదు.

దిగేచోట వరద కొత్తగా రాళ్ళు తెచ్చి వేసింది. స్టీరింగు మెలితిరుగుతోంది. రెండు చేతులా పట్టుకున్నా ఆగడం లేదు. గేరు తగ్గించాలి, చెయ్యి తీయడానికి లేదు. బండి ఒక పక్కకు ఒరిగింది. అప్పుడు మీ అక్క నా వైపు చూడకుండానే అరిచింది:

"క్లచ్ తొక్కిన! వెయ్యి!"

"ఏంది వేసేది?"

"గేరు! నీ పక్కనే ఉన్నది గద, కుడిచేత్తో వెయ్యి!"

కోటేషూ, ఇన్నాళ్ళూ డ్రైవరు సీట్లో నుంచే లెక్క వేశాం. అక్కడ కూర్చుంటే గేరు ఎడమచేతికి వస్తుంది. ఎడమవైపు సీట్లో కూర్చున్నవాడికి అదే రాడ్డు కుడిచేతి పక్కన ఉంటుంది! నా కుడిచేతికి ఏ జబ్బూ లేదు. పట్టి లాగాను. మొండిదే, కానీ పడింది. బండి నిలదొక్కుకుని, మెల్లగా నీళ్ళు చీల్చుకుంటూ పోయింది. అవతలి ఇసుక ఎక్కాక మళ్ళీ "వెయ్యి" అంది, వేశాను. నా ఒళ్ళంతా చెమట. మీ అక్క బండి ఆపి, నన్ను ఎగాదిగా చూసి, "గట్టిగ గుంజుతున్నవ్ మాష్టరూ, మెల్లగ నేర్చుకో" అంది. నన్ను!

ఆలస్యమైనా మిషను దొరికింది. సాయంత్రం సీటు వాల్చుకుని వస్తూ, గేరు మార్చాల్సిన చోటల్లా కళ్ళు తెరిచాను. నేను తోలానని చెప్పలేను. తోలలేదనీ చెప్పలేను.

నూనె ఎన్నాళ్ళకు మార్చాలో, ఆ గేరు కాస్త మెత్తబడే ఉపాయం ఏమిటో రాయి. ఇంకా చాలా రాయాలని ఉంది. ఈ రోజు శుక్రవారం. మీ అక్క బయట ఆగకుండా హారను కొడుతోంది. గేరు వేసే మనిషి లేకుంటే బండి కదలదని తండా అంతా వినేలా అరుస్తోంది. పచ్చి అబద్ధం, ఆమె ఒక్కతే తోలగలదు. అయినా చెప్పులు వేసుకుంటున్నాను.

బలరాం